కైనకరి తెడ్లు

2024 సెప్టెంబరు 28న కేరళలోని ఆలప్పుళలో పున్నమడ సరస్సు మీద నెహ్రూ ట్రోఫీ పడవ పందెం ఫైనల్ జరిగింది. కారిచ్చాల్ పడవ 4 నిమిషాల 29.785 సెకన్లకు గీత దాటింది, వీయపురం పడవ 4 నిమిషాల 29.790 సెకన్లకు దాటింది. రెండింటికీ మధ్య తేడా సెకనులో రెండు వందలో వంతు. ఓడిన పడవకు తెడ్లు వేసింది కైనకరి విలేజ్ బోట్ క్లబ్. ఇంత చిన్న తేడాతో ఓడినవాళ్ళు మర్నాటి నుంచి ఎలా బతికారో, గెలిచినవాళ్ళ ఎదుట ఎలా నిలబడ్డారో చూడాలనిపించి 2025 ఆగస్టులో కైనకరి వెళ్ళాను.

ఆలప్పుళ బస్టాండు పక్కనే రేవు ఉంది. అక్కడ బస్సెక్కినంత మామూలుగా జనం సర్కారు పడవ ఎక్కుతారు. ఉల్లిపాయల సంచులు, బడిపిల్లలు, గ్యాస్ బండ, పెళ్ళికి వెళ్తున్న కుటుంబం, అందరిదీ ఒకటే పడవ. గట్టుకు అటు కాలువ, ఇటు పొలం. కుట్టనాడు అనే ఈ ప్రాంతంలో వరి పొలాలు చాలాచోట్ల సముద్రమట్టానికి దిగువన ఉంటాయి కాబట్టి నీళ్ళు పైన, పొలం కింద. గట్టు ఒక్కచోట తెగితే ఒకరి మడి మునిగి ఊరుకోదు, ఆ గట్టు లోపలి పొలాలన్నీ పోతాయి. నీరు తోడే మోటార్లైనా, గట్టు మీద వేసే మట్టైనా, విత్తనం చల్లే రోజైనా అందరూ కలిసి నిర్ణయించాల్సిందే. ఈ ఊళ్ళలో వందమంది ఒక్క పడవలో కూర్చుని ఒకే దెబ్బకు తెడ్డు వేయగలగడం నాకు అక్కడే సగం అర్థమైంది. వేసవి మొదట్లో పుంజ పంట కోసేశాక వానాకాలమంతా చాలా పొలాలు నీటికింద ఉంటాయి. పందేల కాలం కూడా అదే.

నాకు దుబాసీగా దొరికినావిడ హైదరాబాద్ ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేసి రిటైరై సొంతూరు చేరుకున్న మనిషి. అక్కడి రోగులు పిలిచినట్టే నేనూ సిస్టరమ్మా అనే పిలిచాను. "రా బాబూ, ఎండ తగ్గాక పడవ దింపుతారు, ఈలోగా కప్ప తిను" అని ఉడికించిన కర్రపెండలం (మలయాళంలో దాన్నే కప్ప అంటారు), చేపల పులుసు ముందు పెట్టింది.

సాయంత్రం రేవుకు వెళ్ళాం. చుండన్ వళ్ళం అనే ఈ పందెం పడవను దూరం నుంచి ఫొటోల్లో చూడటం వేరు, పక్కన నిలబడటం వేరు. వంద అడుగులకు పైగా పొడవు, లోపల ఇద్దరు పక్కపక్కన కూర్చునేంత వెడల్పు మాత్రమే. పనస జాతికి చెందిన అంజిలి మానుతో చేస్తారు. వెనుక కొస మనిషిని మించి పైకి లేస్తుంది. నీళ్ళు పట్టి ఆపకుండా అడుగు నున్నగా ఉండాలని చేపనూనె, కోడిగుడ్ల సొన, కొబ్బరిచిప్పల బొగ్గు కలిపి పూసే అలవాటు పాతది. చేత్తో తడిమితే అరచేయి నల్లబడి, చేపవాసన పట్టుకుంది.

తొంభైమంది దాకా తెడ్లవాళ్ళు వరుసల్లో కూర్చున్నారు. వెనుక అమరం దగ్గర పెద్ద తెడ్లు పట్టుకుని చుక్కానివాళ్ళు ఐదుగురు నిలుచున్నారు. పడవ నడుమ ఒక చెక్క పలక ఉంటుంది. దాని మీద బరువైన కర్రతో దబదబా పొడుస్తూ లయ పెట్టేవాళ్ళు వేరు. ముందు కొసన కూర్చునేవాళ్ళది ఒన్నాం తుళ, అంటే మొదటి తెడ్డు. వాళ్ళ తెడ్డు ఎప్పుడు మునిగితే వెనుక ఉన్నవాళ్ళ తెడ్లన్నీ అప్పుడే మునగాలి. నేను గట్టు మీద కూర్చుని ఒక్క కుర్రాడి భుజాన్నే చూస్తూ ఉండిపోయాను. నడుము వంచి తెడ్డు ముందుకు చాచడం, నీటిలో దించడం, తొడ పక్కగా లాగడం, ఎగిరిన నీళ్ళు వెనుకవాడి మొహాన కొట్టడం. కర్ర దెబ్బలు వేగం పుంజుకుంటుంటే అతని దవడ బిగిసింది. అంతలో వెనకెక్కడో ఒక తెడ్డు తడబడింది. పడవ మొత్తం ఒక్క కుదుపు కుదిపి మందగించింది. శిక్షకుడు ఎవర్నీ పేరుపెట్టి తిట్టలేదు, మళ్ళీ మొదటి నుంచి వేయించాడు. తప్పెవరిదో పక్కనున్న ఇద్దరికి తెలిసే ఉంటుంది. వాళ్ళూ నోరు మెదపలేదు.

ఆ సాయంత్రం సిస్టరమ్మ చెప్పిన ఒక ఏర్పాటు నాకు బాగా నచ్చింది. పడవ ఒక ఊరిది, తెడ్లు వేసే క్లబ్బు తరచుగా మరో ఊరిది. కారిచ్చాల్, వీయపురం, పాయిప్పాడ్, నడుభాగం, చంపకుళం, ఇవన్నీ ఊళ్ళ పేర్లు. ఊరివాళ్ళు చందాలు వేసుకుని, వాటాలు పంచుకుని పడవ చేయించుకుంటారు. ఏటా ఏదో ఒక క్లబ్బు వచ్చి వాళ్ళతో ఒప్పందం చేసుకుని దాన్ని దింపుతుంది. 2023లో నెహ్రూ ట్రోఫీ గెలిచింది వీయపురం పడవే, కాని దాన్ని నడిపింది పళ్ళాతురుత్తి బోట్ క్లబ్. మరుసటి ఏడు అదే క్లబ్బు కారిచ్చాల్ పడవెక్కి వీయపురాన్ని ఓడించింది. నిరుడు ఏ పడవకు మొక్కారో ఈ ఏడు దాన్నే దాటిపోవాలి. వీయపురం వాళ్ళు కూడా నిరుడు మాలవేసి సాగనంపినవాళ్ళను ఈ ఏడు పక్క ట్రాకులో చూడాలి. ప్రత్యర్థి ఎప్పటికీ ఒకడే కాడు కనుక పగ పాతుకుపోవడానికి ఇక్కడ చోటు తక్కువని నాకనిపిస్తుంది. క్రీడాస్ఫూర్తిని మనం మనిషి గుణంగా చెప్పుకుంటాం. ఇక్కడ దాన్ని ఆట నియమంలోనే పెట్టుకున్నారు.

అలాగని గొడవలు ఉండవని కాదు. 2024 ఫలితం మీద అభ్యంతరాలు వచ్చాయి, ఫిర్యాదు విన్నాక కూడా కారిచ్చాల్ గెలుపే నిలిచింది. ఇంతకుముందు కూడా గీత దగ్గర తగాదాలు జరిగాయి. "ఆ రాత్రి మావాళ్ళు అన్నం ముట్టలేదు బాబూ" అంది సిస్టరమ్మ. "పళ్ళాతురుత్తిలో మా ఆడపడుచు కొడుకున్నాడు. ఓణం అప్పటికే అయిపోయిందిగా, వారానికి ఇంటికొచ్చాడు. ఏమంటాం? పప్పడం పెట్టాం."

ఆ ఏడు పందెం సెప్టెంబరు దాకా ఆలస్యం కావడానికి కారణం కూడా చెప్పుకోవాలి. పందెం మామూలుగా ఆగస్టు రెండో శనివారం జరిగేది. జూలై 30న వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడి వందలమంది పోయారు. పందెం వాయిదా వేశారు. అప్పటికే క్లబ్బులన్నీ శిబిరాలు పెట్టి, రోజూ వందమందికి వండిపెట్టి లక్షలు ఖర్చుచేసి ఉన్నాయి. నష్టపోయామని బాధ లేకపోలేదు, కాని వయనాడ్ కోసం ఆగడం తప్పని నాతో మాట్లాడినవాళ్ళెవరూ అనలేదు. 2018 వరదల్లో తాము మునిగినప్పుడు పందెం నవంబరు దాకా ఆగిన సంగతి వాళ్ళకింకా గుర్తుంది.

నన్ను కలవరపెట్టింది డబ్బు. ఇప్పుడు స్పాన్సర్లున్నారు, 2019 నుంచి లీగ్ పోటీలున్నాయి, వేరే రాష్ట్రాల నుంచి తెడ్లవాళ్ళను తెస్తున్నారు. వాళ్ళ సంఖ్యకు నిబంధనలు హద్దు పెట్టాయి. హద్దు ఉండాల్సిందే. కూలి పనికి, చేపలకు, ఆటో తోలడానికి వెళ్ళొచ్చి సాయంత్రం తెడ్డు పట్టే ఊరి కుర్రాడికి ఆ పడవలో చోటు పోతే, అది ఎంత వేగంగా వెళ్తే మాత్రం ఎవరికి లాభం? నెహ్రూ 1952లో ఈ పందెం చూసి ఉత్సాహం పట్టలేక గెలిచిన నడుభాగం పడవలోకి దూకేశారు. తర్వాత వెండి పడవను బహుమతిగా పంపారు. దాని మీద చెక్కించిన మాటలు ఈ పందేన్ని తిరువాన్కూర్-కొచ్చిన్ సమష్టి జీవితానికి ప్రత్యేకమైనదిగా చెబుతాయి. వేగం ఊసే అందులో లేదు.

పెద్ద పడవల్లో ఆడవాళ్ళు కనిపించరు. వాళ్ళు తెక్కనోడి అనే చిన్న పడవల పోటీలో తెడ్లు వేస్తారు. సిస్టరమ్మ మేనకోడలు అలాంటి జట్టులో ఉంది. ఆ పోటీకి పెద్ద పడవలకు పట్టే జనంలో సగమైనా పట్టాలని నా కోరిక.

తిరుగు దారిలో చంపకుళంలో ఆగాను. మిథున మాసం మూలా నక్షత్రం రోజున జరిగే అక్కడి పందెం చాలా పాతది. అంబలప్పుళ గుడికి కృష్ణ విగ్రహాన్ని తెస్తున్నప్పుడు చీకటి పడితే, ఆ రాత్రి చంపకుళంలో ఒక క్రైస్తవ కుటుంబం ఇంట్లో ఉంచారని, మర్నాడు ఊళ్ళన్నీ పడవలతో సాగనంపాయని కథ. చర్చి మెట్ల మీద కూర్చున్న ఒక ముసలాయన ఆ కథ తన ఇంటి ముచ్చటలా చెప్పాడు.

మన కోనసీమలోనూ సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో కేరళ తీరు పడవ పందేలు మొదలయ్యాయి. చూడటానికి జనం బాగానే వస్తున్నారు. అక్కడివాళ్ళకు నాదొక్కటే మనవి. ముందు ఊరికో పడవ చేయించండి, చందా పుస్తకంలో ప్రతి ఇంటి పేరూ ఉండనివ్వండి, బహుమతి మొత్తం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

2025 ఆగస్టు 30న నెహ్రూ ట్రోఫీలో వీయపురం పడవ గెలిచింది, తెడ్లు వేసింది కైనకరివాళ్ళే. సిస్టరమ్మ ఫోన్ చేసింది. వెనుక బాణసంచా మోతకు సగం మాటలు వినబడలేదు. పళ్ళాతురుత్తి మేనల్లుడు వచ్చాడా అని అడిగాను. "పొద్దున్నే వచ్చాడు. వచ్చేవారం మా గట్టుకు మట్టి వేయాలి, దానికీ వస్తానన్నాడు" అంది.