చెప్పిన ధర

జహీరాబాదు అల్లం రైతు వ్యాపారి అన్న ధరకు అమ్ముకువస్తాడు. మా మేనల్లుడికి ఆ ఖర్మం లేదు. బిట్‌కాయిన్ ఫలానా ధరకు దిగితేనే కొను, ఫలానాకు ఎక్కితేనే అమ్ము అని సెల్‌ఫోనుకు చెప్పి కాళ్లు చాపుకుంటాడు. దాన్నే లిమిట్ ఆర్డరంటారు.

బాగానే ఉంది. 1,00,000 రూపాయలకు కొన్నది 1,00,500కు అమ్మాడనుకోండి. ఎక్స్ఛేంజి రుసుము రెండుసార్లు. 2022 జూలై 1 నుంచి అమ్మకం మొత్తంలో నూటికి 1 చొప్పున టి.డి.ఎస్. పట్టు: 1,005 రూపాయలు. లాభానికి రెట్టింపు! రిటర్ను వేస్తే లెక్కకు వస్తుంది, నిజమే. అందాకా పది అమ్మకాలకు పెట్టుబడిలో దాదాపు పదోవంతు చిక్కుపడుతుంది. పైగా లాభం మీద నూటికి 30 పన్ను. నష్టాన్ని అందులో తగ్గించుకోనివ్వరు.

ఆ లక్షా మా అక్కయ్య చెరకు డబ్బు. కాగితం మీద వేసి చూపాను.

"ధర నా చేతిలోనే ఉంది కదా మామయ్యా!" అన్నాడు వాడు.

అక్కయ్య మాత్రం, "చెరకు నాటే వేళకు ఎంత చేతికొస్తుందిరా తమ్ముడూ?" అంది.