చేవెళ్ల దారిలో ‘ఆలన’ బండి వెంట

హైదరాబాదు నుంచి బీజాపూర్ రోడ్డు పట్టుకుని, ముసలి మర్రిచెట్లు పందిరేసిన దారిలో వెళితే చేవెళ్ల వస్తుంది. అక్కడి సర్కారు దవాఖానా నుంచి, నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ సిబ్బంది ‘ఆలన’ బండిలో పల్లెలకు బయల్దేరతారు. మంచం దిగలేని మనిషి దవాఖానాకు రాలేడు కాబట్టి వీళ్లే ఇంటికి వెళతారు. ఆ రోజు బండిలో సిస్టరు, ఫిజియోథెరపిస్టు, డ్రైవరుతో పాటు నేనూ ఉన్నాను.

మొదటి ఇల్లు పక్షవాతంతో పడిపోయిన ఒక పెద్దావిడది. కుడివైపు కాలూ చెయ్యీ లేవవు, మాట పోయింది. సిస్టరు బీపీ మిషను పెట్టెలోంచి తియ్యలేదు. మంచం పట్టె మీద కూర్చుని ఆమె ముఖంలోకి చూస్తూ అడిగింది: “పెద్దమ్మా, జర పక్కకు తిప్పుతా. సరేనా?” జవాబు వెంటనే రాలేదు. సిస్టరు ఆగింది. పెద్దావిడ కళ్లు మూసి తెరిచాకే దుప్పటి మీద చెయ్యి వేసింది. ఈ ఆగడం నేను పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో కూడా చాలా అరుదుగా చూశాను.

నడుము కింద, ఎముక తేలిన చోట రూపాయి బిళ్లంత పుండు. చుట్టూ చర్మం ఎర్రగా కమిలి ఉంది. అక్కడ పౌడరు మెత్తి ఉంది, మంచి చేస్తుందనే. సిస్టరు ఎవరినీ తప్పుపట్టలేదు. మరిగించి చల్లార్చిన నీళ్లలో ఉప్పు కలిపి, గుడ్డతో అద్దుతూ పౌడరంతా కడిగింది. కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది: ఎర్రబడ్డ చోట రుద్దొద్దు, కింద రబ్బరు రింగు పెట్టొద్దు, పక్క మార్చేటప్పుడు చాప లాగినట్టు ఈడ్వొద్దు, కింది దుప్పటి రెండు కొసలూ ఇద్దరు పట్టుకుని ఎత్తాలి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా తేల్చింది. అన్నం పెట్టేటప్పుడు వీపు లేపి కూర్చోబెట్టాలి, తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు, లేకపోతే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అన్నీ చెప్పి కోడలి చేత ఒక్కొక్కటీ చేయించింది.

ఇంటి దగ్గర జరిగే సేవ మంచిదో కాదో తేల్చేది ఇలాంటి పనులే అని నా నమ్మకం. ఎన్ని ఇళ్లు తిరిగారు, ఎన్ని మాత్రలు ఇచ్చారు అనే లెక్క రిజిస్టరులో ఎక్కుతుంది. దుప్పటి ఈడ్చారా ఎత్తారా అన్నది చర్మం మీదే కనబడుతుంది. నగరంలో ఏజెన్సీలు పంపే అటెండెంట్లకు నెలనెలా వేలకు వేలు పోస్తున్నాం. వచ్చిన మనిషికి పక్క మార్చడం ఎవరైనా నేర్పారా అని అడిగేవాళ్లు ఎందరు? ఆ అమ్మాయిల తప్పు కాదిది. నేర్పకుండా పంపినవాళ్లది, అడగని మనది.

1993లో కోళికోడ్ మెడికల్ కాలేజీలో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేశ్‌కుమార్ వంటివాళ్లు చిన్నగా మొదలుపెట్టిన ఈ పాలియేటివ్ కేర్ పని, ఊరివాళ్లు వాలంటీర్లుగా చేరాక కేరళ అంతటా ఇంటింటి సేవగా పాకింది. 2008లో అక్కడి ప్రభుత్వం దానికి ఒక విధానమే తెచ్చింది. పక్కింటివాళ్లు వంతులేసుకుని సాయానికి రావడం ఆ పద్ధతికి ప్రాణం. మన దగ్గర బండి ఉంది, మందులున్నాయి, ఓపికున్న సిస్టర్లున్నారు. బండి వెళ్లిపోయాక మాత్రం కోడలు ఒంటరిదవుతుంది.

సిస్టరు చేతులు కడుక్కుని ఆ కోడలినే అడిగింది: “నువ్వు రాత్రి పండుకుంటున్నవా బిడ్డా?”

“రెండు గంటలకోపాలి లేస్త. ఎవరడిగిన్రు సిస్టర్ నన్ను?” అంటూనే ఆమె కళ్లు తుడుచుకుంది.

సిస్టరు పెద్దావిడ కొడుకుని పిలిచింది. గోడ మీది క్యాలెండరు దింపి వెనకవైపు రాత్రి వంతులు రాసింది. పన్నెండు దాకా కోడలు, ఆ తర్వాత కొడుకు. అతను నసిగాడు, పొలం పని అన్నాడు. “మీ అమ్మే గదా” అంది సిస్టరు, అంతకు మించి ఒక్క మాట అనలేదు. పక్క మార్చే పద్ధతి అతనికీ మొదటి నుంచి నేర్పింది. ఫిజియోథెరపిస్టు బిగుసుకుపోయిన వేళ్లను ఒక్కొక్కటిగా విప్పుతూ, అదెట్లాగో కూడా అతనికే చూపించాడు.

తర్వాతి ఇంట్లో గొంతు క్యాన్సరు ఉన్నాయన. నొప్పికి నాలుగు గంటలకోసారి మార్ఫిన్ మాత్ర. ఒకప్పుడు ఈ మందు దొరకడమే గగనం. 2014లో మత్తుమందుల చట్టం సవరించాక దారి కొంత సులువైంది. మాత్రలు లెక్కపెట్టి రాసుకున్నాక సిస్టరు నొప్పి సంగతి అడిగింది. తెల్లవారుజామున లేస్తున్నానన్నాడు. పడుకునే ముందు మాత్ర పెంచాలేమోనని అక్కడే నిలబడి డాక్టరుకు ఫోన్ చేసింది. డాక్టరు సరేనన్నాక కాగితం మీద రాత్రి మాత్ర చోట రెండు గుండ్రాలు గీసి రోగి భార్యకు ఇచ్చింది.

“అలవాటైతదా సిస్టర్ ఇది?” ఆమె భయంగా అడిగింది.

“నొప్పికి లెక్క ప్రకారం ఏసుకుంటే మత్తుకు బానిస కాడమ్మా. కడుపు మాత్రం గట్టిపడుతది. మోషన్ మాత్ర రోజూ ఎయ్యాలె, ఒక్కపూట కూడ మరవొద్దు. ఆఖరిసారి ఎప్పుడు పోయిండు?”

మూడు రోజులైందని ఆమె చెప్పింది. సిస్టరు మళ్లీ కింద కూర్చుని పెట్టె తెరిచింది.