వదులుకోవడం

మా చల్లపల్లిలో ట్యూషన్ మాస్టారు ఫ్రేజల్ వెర్బులకి ఉదాహరణలు ఊళ్ళోంచే ఇచ్చేవారు. "రాజావారి కోట చూశారుగా? 1948 చట్టంతో జమీందారీల్ని ఏం చేశారు? అబాలిష్ చేశారు. అంటే, డూ అవే విత్."

'గివ్ అప్' దగ్గర మాత్రం క్విట్, స్టాప్, సరెండర్ అని రాయించి ఊరుకున్నారు. ఇంగ్లిషులో సిగరెట్టుకీ అదే, బస్సులో సీటుకీ అదే, ఆశకీ అదే. తెలుగులో అలా కుదరదు. సిగరెట్టు మానేస్తాం. పోలీసులకి లొంగిపోతాం. చేతకాకపోతే చేతులెత్తేస్తాం. వాళ్ళ 'అప్', 'ఆఫ్', 'అవే'ల్లాగే మన క్రియలకీ తోకలున్నాయి: వేయు, పోవు, కొను.

నా ఇంజినీరింగు ఫీజు కోసం నాన్న కాలవ కింద ఎకరం అమ్మేశారు. వరి కోతకి ముందే మినుము చల్లే చేను. హైదరాబాదులో ఒక ఇంటర్వ్యూలో మీ నాన్నగారేం చేస్తారని అడిగితే, "హి గేవ్ అప్ ఫార్మింగ్" అన్నాను. సిగరెట్టు మానేసినంత తేలిగ్గా వినబడింది, నాకే.

నాన్న చేను వదిలెయ్యలేదు, వదులుకున్నారు. చేసిన పని చేసినవాడికే తగులుతుందని చెప్పే తోక 'కొను'. 'గివ్ అప్'కి మాస్టారు రాయించిన మూడు మాటల్లోనూ అది లేదు.

మొన్న సంక్రాంతికి ఆ చేను పక్కనుంచే బండి మీద వచ్చాం. బండి కాస్త స్లో చేశాను. నాన్న 'లుక్ అవే' చేశారు. అంటే, మొహం తిప్పుకున్నారు. ఇక్కడా 'కొను'నే.