కొట్టిన కూలి, కాపలా కూలి

సిన్సినాటికి ఉత్తరాన మేసన్, వెస్ట్ చెస్టర్ వైపు ఇల్లు కొనుక్కున్న మనవాళ్లలో చాలామందికి ఇంటితో పాటు కాస్త అడవి కూడా వస్తుంది. లాన్ అయిపోయిన చోట మొదలై వెనకాల వాగు దాకా పావు ఎకరమో, అర ఎకరమో ఉంటుంది. ఇల్లు చూపించేటప్పుడు రియల్టర్ దాన్ని ‘ప్రైవసీ’ కింద అమ్ముతాడు. ఆ పచ్చటి తెరలో చాలా భాగం ఆముర్ హనీసకిల్ అనే పరాయి పొదేనని, అది మెల్లగా లాన్ వైపు జరుగుతోందని తెలిసేసరికి రెండు మూడేళ్లు గడిచిపోతాయి. కొట్టించడానికి ఎంతవుతుందని నలుగురిని అడిగితే నాలుగు ధరలు చెబుతారు, ఒకదానికీ మరొకదానికీ పొంతన ఉండదు. ఎక్కువ చెప్పినవాడు దోచుకుంటున్నాడని, తక్కువ చెప్పినవాడు ధర్మాత్ముడని మనం తేల్చేస్తాం. నా లెక్క వేరు. ఈ పనిలో తక్కువ ధర చాలాసార్లు సగం పనికి కట్టిన ధర. పొద తీయించడంలో అసలు ఖర్చు కొట్టిన రోజు తర్వాత వచ్చే మూడు నాలుగేళ్లలో ఉంది. ఆ ఏళ్లకు డబ్బో ఓపికో కేటాయించలేని వాళ్లు ఇప్పుడు రంపం ముట్టుకోకపోవడమే నయం.

ఎందుకో తెలియాలంటే ఆ పొద బతికే తీరు చూడాలి. చైనా, కొరియా, జపాన్ వైపు నుంచి వచ్చిన ఈ మొక్క 1898లో న్యూయార్క్ బొటానికల్ గార్డెన్ ద్వారా అమెరికాలో అడుగుపెట్టింది. వసంతంలో ఇక్కడి చెట్లింకా మోడుల్లా ఉండగానే ఆకు తొడుగుతుంది, నవంబర్‌లో మేపుల్, ఓక్ ఆకులు రాలిపోయాక కూడా పచ్చగానే నిలబడుతుంది. ఏడాదికి రెండు వైపులా కొన్ని వారాల ఎండ దానికి అదనంగా దక్కుతుందన్నమాట. ఆ నీడ కింద ట్రిలియం లాంటి వసంతపు పూలమొక్కలూ, ఓక్ పిల్లలూ తలెత్తలేవు. గుర్తుపట్టడం సులువే. కొమ్మ విరిచి చూస్తే నడుమ బోలుగా ఉంటుంది, స్థానిక హనీసకిల్ జాతుల కొమ్మ గట్టిగా నిండి ఉంటుంది. ఆకుల మొదళ్లలో జంటలుగా ఎర్రటి పళ్లు కాస్తాయి. వాటిని పిట్టలు తిని గింజల్ని ఊరంతా వెదజల్లుతాయి. ఇంతటి పొదను నేలబారుగా కోసి వదిలేస్తే వేళ్లలో దాచుకున్న సత్తువతో మోడు చుట్టూ గుత్తులుగా పిలకలు వేస్తుంది. పైన నీడ పోయింది కనుక నేలలో నిద్రపోతున్న గింజలకూ తెల్లవారుతుంది.

ఇక కొటేషన్ సంగతి. అందులో కనిపించేవి కోత, కొమ్మల తరలింపు, మోడుకు మందు. చెయిన్‌సా చేతిలో ఉన్నవాడికి కోత నిమిషాల పని. తడిసి మోపెడయ్యేది కొమ్మల దగ్గరే. హనీసకిల్ కొమ్మలు వంకర్లు తిరిగి ఒకదాంట్లో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. చిప్పర్ యంత్రం డ్రైవ్‌వే దాటి లోపలికి రాలేదంటే ప్రతి కొమ్మనీ మనిషి ఈడ్చుకు రావాల్సిందే. కంచె గేటు వెడల్పు, వాగు వైపు వాలు, మధ్యలో దాక్కున్న పాయిజన్ ఐవీ, ఇవే ధరను తేల్చేస్తాయి. అందుకే కొమ్మల్ని అడవిలోనే ఓ మూల కుప్పగా వేయమంటే బిల్లు బాగా తగ్గుతుంది. హెచ్‌ఓఏ అభ్యంతరం పెట్టకపోతే ఆ కుప్ప నాలుగేళ్లలో కుళ్లి కుంగిపోతుంది, ఈలోగా కుందేళ్లకూ చిన్న పిట్టలకూ గూడవుతుంది. వీటి ముందు మందు ఖరీదు ఎంతని! చిక్కటి గ్లైఫోసేట్ సీసా ఒకటి, స్పాంజి బ్రష్ ఒకటి. కోసిన కొద్ది నిమిషాల్లో, గాయం ఆరకముందే, బెరడుకు లోపలగా ఆనుకుని ఉండే పచ్చి వలయం చుట్టూ పూయాలి. మధ్యలోని చెక్కకు పూస్తే దండగే, అక్కడ ప్రాణం ఉండదు. చెప్పడానికి ఇంతే. కానీ పొద్దున్నంతా కోసి, భోజనాలయ్యాక తీరిగ్గా మందు పూసే ముఠా చేతిలో ఇదే పని బూడిదలో పోసిన పన్నీరవుతుంది, ఆ సంగతి మే నెల వచ్చేదాకా ఎవరికీ తెలియదు. కూలికి మందు వేసేవాళ్లకు ఒహాయో వ్యవసాయ శాఖ లైసెన్సు ఉండాలి. ధర కన్నా ముందు అడగాల్సింది అది.

ఊహకు రెండు ధరలు వేసుకుందాం. ఒకరు రెండు వేల డాలర్లకు యంత్రం దింపి ఒక్క రోజులో నేలమట్టం చేసి వెళ్తామన్నారు. ఇంకొకరు కోతా, మోడుకు మందూ, వచ్చే రెండు ఫాల్ సీజన్లలో తిరిగొచ్చి పిలకల్ని చూడటమూ కలిపి మూడున్నర వేలన్నారు. మొదటి దాంట్లో మోళ్లు బతికే ఉన్నాయి కాబట్టి మూడు నాలుగేళ్లకు మళ్లీ గుబురు, మళ్లీ రెండు వేలు. నాలుగు వేలు పోసి బయల్దేరిన చోటికే వస్తాం. రెండో దాంట్లో చివరికి మిగిలేది ఏటా ఒక పూట తిరిగి, వాన పడిన మర్నాడు మెత్తటి నేల్లోంచి మొలకల్ని పీకడం. వేలెడు లావు లోపు మొక్కైతే దీని వేళ్లు లోతుకు పోవు, చేత్తోనే ఊడొస్తుంది. ఆ కాపలా కూలి కాంట్రాక్టర్‌కు ఇవ్వొచ్చు, మనమే చేసుకుని మిగుల్చుకోవచ్చు. ఎగ్గొట్టడం మాత్రం కుదరదు.

పచ్చగా ఉంది, పిట్టలు తింటున్నాయి, దాని జోలికి ఎందుకు అనేవాళ్లున్నారు. కొట్టిపారేయాల్సిన ప్రశ్నేమీ కాదు. పిట్టలు తినే మాట నిజమే, కానీ ఆ పళ్లలో చక్కెర ఎక్కువ, కొవ్వు తక్కువ. దూరాలు ఎగిరే వలస పిట్టలకు స్పైస్‌బుష్, డాగ్‌వుడ్ లాంటి స్థానిక పళ్లలోని కొవ్వు కావాలి. పిల్లల్ని పెంచే రోజుల్లో వాటికి పళ్లు కాదు, గొంగళిపురుగులు కావాలి. వాషింగ్టన్ డీసీ శివారు పెరళ్లలో చికడీ పిట్టల మీద చేసిన పరిశోధన 2018లో వచ్చింది. పెరటి పచ్చదనంలో 70 శాతానికి తగ్గకుండా స్థానిక మొక్కలు ఉన్నచోటే వాటి సంతతి నిలబడుతోందని అందులో తేలింది. మనకు దగ్గరి లెక్క ఇంకొకటుంది. సెయింట్ లూయిస్ పరిసరాల్లో జరిగి 2010లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం ఈ పొదల్లో జింకలు ఎక్కువ తిరుగుతాయి, వాటితో పాటు జబ్బు మోసే పిడుదులు కూడా. పొదలు తీసేసిన చోట రెండూ తగ్గాయి. పిల్లలు ఆడుకునే పెరటికి ఆనుకుని ఉన్న గుబురు విషయంలో ఇది తీసిపారేసే మాట కాదు. తెర పోతుందన్న బెంగకు మందు, ఖాళీ అయిన చోట స్పైస్‌బుష్, వైబర్నమ్ నాటుకోవడం. కౌంటీ మట్టి, నీటి సంరక్షణ కార్యాలయాలు వసంతంలో పెట్టే అమ్మకాల్లో చిన్న మొక్కలు చవగ్గానే దొరుకుతాయి. జింకలు మేయకుండా చుట్టూ జాలీ కట్టడం ఖర్చులో కలుపుకోవాలి.

మందు మీద భయం ఇంకా గట్టి అభ్యంతరం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో గ్లైఫోసేట్‌ను క్యాన్సర్ తెప్పించే అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చింది. అమెరికా పర్యావరణ సంస్థ ఆ ప్రమాదం ఉండకపోవచ్చంటోంది. పెద్ద సంస్థలే ఏకాభిప్రాయానికి రానప్పుడు చేతికి గ్లవ్స్ తొడుక్కోవడం, వీలైనంత తక్కువ వాడటం తెలివైన పని. మోడుకు బ్రష్‌తో పూయడమంటే అదే, గాల్లోకి పిచికారీ చేసే పద్ధతికీ దీనికీ పోలిక లేదు. వాగు ఒడ్డునైతే నీటి దగ్గర వాడేందుకు అనుమతి ఉన్న రకమే వాడాలి. అసలు మందే వద్దనుకుంటే పిలక వచ్చినప్పుడల్లా కోస్తూ వేళ్ల సత్తువ హరించవచ్చు. డాలర్లకు బదులు ఏళ్లు చెల్లిస్తాం, అంతే.

పక్కింటివాళ్లు తీయకపోతే మనం తీసి ఏం లాభం అన్నదానికి జవాబు చిన్నది. పిట్ట తెచ్చేది గింజ, మనం తీసింది పదేళ్ల పొద. గింజ మొలిస్తే పీకడానికి అరనిమిషం.

నాకు సానుభూతి ఉన్నది మాత్రం ‘నేను నాటని మొక్కకు నేనెందుకు కట్టాలి’ అనే కోపం మీద. 1960ల నుంచి 1980ల దాకా అమెరికా వ్యవసాయ శాఖలోని నేల సంరక్షణ విభాగమే ఈ హనీసకిల్‌లో మెరుగైన రకాలు తయారుచేసి, మట్టి కోత ఆపుతుందని, అడవి జీవాలకు ఆహారమని ప్రచారం చేసింది. ఒహాయో దీని అమ్మకాన్ని 2018లో నిషేధించింది. అప్పటికి అడవి నిండిపోయింది. సర్కారు తుమ్మ కథ తెలిసిన మనకు ఇది కొత్త కాదు. 1877లో కడప జిల్లా కమలాపురంలో అటవీ శాఖ నాటిన ఆ చెట్టును ఇవాళ చెరువుల్లోంచి తవ్వి తీయలేక రైతులు వేసారుతున్నారు. ఇక్కడ పొదలు తీయడానికి ఫెడరల్ సాయం ఉంది, కానీ పొలాలూ పెద్ద అడవులూ ఉన్నవాళ్లకు ఉద్దేశించింది. పావు ఎకరం పెరటికి ఎవరూ పైసా ఇవ్వరు. అన్యాయమే. అయితే ఆ బిల్లు ఎగ్గొట్టే దారి లేదు, ఆలస్యమైన కొద్దీ కాండాలు లావెక్కి అంకె పెరుగుతుంది.

డబ్బు అంతా ఒకేసారి పెట్టలేని ఇంటికి ఉపాయం వరసలో ఉంది. మనలో చాలామంది దట్టమైన గుబురు మీద ముందు పడతారు, కంటికి అదే ఆనుతుంది కాబట్టి. తిరగేసి చేయాలి. ఇంకా మేపుల్ పిల్లలూ స్థానిక పూలూ మిగిలి ఉన్న పలచటి మూల నుంచి మొదలెడితే అక్కడ కోత తక్కువ, ఖాళీని పూడ్చుకోవడానికి మంచి మొక్కలు పక్కనే ఉంటాయి. నవంబర్ మొదటి వారాల్లో చేస్తే పచ్చగా కనిపించేది దాదాపు హనీసకిల్ ఒక్కటే, పొరపాటున వేరే చెట్టు కోసే భయం తక్కువ. ఏటా కాపలా కాయగలిగినంత మేరే ముందుకు జరగాలి. కంచె పక్కనున్న మహా గుబురు మూడో ఏటికి వాయిదా పడినా ఫరవాలేదు, ఈలోగా ప్రతి జులైలో పళ్లు ఎర్రబడకముందే పూతకొమ్మల్ని కత్తిరించి ఉంచితే చాలు.