కట్టినవాడి లెక్క

పోయిన పుష్యమాసంలో మా జేజినాయన 84 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. కర్మకాండలయ్యాక ఆయన ట్రంకు పెట్టె తెరిస్తే, పట్టాదారు పాసు పుస్తకం కింద రబ్బరు బ్యాండు వేసిన బ్యాంకు రశీదుల కట్ట కనిపించింది. వాటిలో ఒకదాని మీద తేదీ చూసి ఆగిపోయాను. 2008 జనవరి 18.

అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర ఆయనకు నాలుగున్నర ఎకరాల ఎర్రనేల. ఏటా ఖరీఫ్‌లో వేరుశనగే. ఆయన మాటలో శెనక్కాయ. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే జిల్లా అది. ఆ వానా కాయ ఊరే వేళకు మొహం చాటేసేది. ఆ నేల మీదే ముగ్గురు పిల్లల్ని పెంచి పెళ్లిళ్లు చేశాడు. మా నాన్న పోయాక అక్కనూ నన్నూ కూడా ఆయనే సాకాడు. రాత్రిపూట అందరూ తిన్నారా అని అడిగాకే కంచం ముందు కూర్చునేవాడు.

2006లో మా చేను ఎండిపోయింది. బ్యాంకులో తెచ్చిన 18 వేల రూపాయల పంట రుణం అలాగే నిలిచింది. ఇల్లు గడవడానికి జేజి కమ్మలు తాకట్టుకు వెళ్లాయి. చెవి రంధ్రాలు పూడిపోకుండా ఆమె వేపపుల్లలు పెట్టుకుంది. మరుసటి ఏడు కాయ బాగా దిగింది. ఇక కమ్మలు ఇంటికి వస్తాయనుకున్నాం. ఆయన మాత్రం సంక్రాంతి కాగానే వెళ్లి బ్యాంకు అప్పు వడ్డీతో సహా కట్టేసి వచ్చాడు. ఆ రశీదే ఇది.

సరిగ్గా 42 రోజులకు, ఫిబ్రవరి 29న, ఆర్థిక మంత్రి చిదంబరం బడ్జెట్‌లో 60 వేల కోట్ల రూపాయల రుణమాఫీ ప్రకటించారు. సుమారు ఐదెకరాల లోపు రైతుకు పూర్తి మాఫీ. 2007 మార్చి 31లోగా తెచ్చిన అప్పై ఉండాలి, డిసెంబర్ 31 నాటికి గడువు మీరి ఉండాలి, ఫిబ్రవరి 29 దాకా కట్టకుండా ఉండాలి. జేజినాయన చివరి షరతు దగ్గర తప్పిపోయాడు.

నేనప్పుడు హైదరాబాద్‌లో రాజనీతి శాస్త్రం ఎం.ఏ. చదువుతున్నాను. మాఫీని మెచ్చుకుంటూ సెమినార్‌లో పేపర్ చదివి వచ్చి, ఆ సాయంత్రం ఊరికి ఫోన్ చేశాను. "ఇంకొన్నాళ్లు ఆగలేకపోయినావా జేజినాయనా?" అని గట్టిగానే అరిచాను.

"కడ్తామనే కదా నాయనా అప్పు తెచ్చింది. మాఫీ అయినోళ్లు బాగుపడనీలే. వాళ్ల చేన్లు నాకు తెలీనివా, అవీ ఎండినవే కదా" అన్నాడు. ఆయనకు ఎవరి మీదా అక్కసు లేదు. నాకుంది.

తర్వాత రాష్ట్ర ప్రభుత్వం, మాఫీ వర్తించని రైతులకు 5 వేల రూపాయల ప్రోత్సాహకం ఇచ్చింది. ఆ డబ్బు చేతికందగానే ఆయన వెళ్లింది తాకట్టు కొట్టుకే.

విలేకరినయ్యాక చాలా రుణమాఫీల గురించి రాశాను. 2014లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. 2017లో ఉత్తరప్రదేశ్, మహారాష్ట్ర. ఎన్ని కోట్లు, ఎందరికి, ఏ పార్టీకి ఎంత లాభం అన్నీ రాశాను. కట్టేసిన రైతు ఆ కథనాల్లో ఎక్కడా లేడు. బాకీ లేనివాడు లెక్కలోకీ రాడు. మాఫీ తప్పని నేననను. అప్పు తీర్చినవాడికి కష్టం లేదనుకోవడమే తప్పు. ఆ కష్టం బ్యాంకు ఖాతాలో కనిపించదు. మా ఇంట్లో అది చూడాలంటే జేజి చెవులు చూడాల్సి వచ్చేది.

ఆయన పోయిన పదకొండో రోజున జేజి గాజులు, తాళి తీసేశారు. కమ్మల మీదికి చెయ్యి రాగానే ఆమె తల పక్కకు తిప్పుకుంది.

"ఇవి ఉండనీండి. ఆయప్ప విడిపించినవి" అంది.

ఎవరూ మారుమాట్లాడలేదు.