కంప్యూటరు పడకేస్తే

డాక్టర్లకి మొట్టమొదట నేర్పేది రోగి చెప్పేది వినమని. కంప్యూటరు కూడా చెబుతూనే ఉంటుంది గాని మనం వినం. "పని చెయ్యటం లేదు" అంటే ఇంట్లోవాళ్ళ కంగారు తెలుస్తుందే తప్ప జబ్బు తెలియదు. ఎప్పుడు ఆగింది? స్విచ్చి వెయ్యగానేనా, పది నిమిషాలకా? ఫ్యాను తిరుగుతోందా? తెర ఒక్కటే చీకటా? వీటికి జవాబు దొరికితే సగం పని అయినట్టే.

ఈ చలికాలంలో రిచ్‌మండ్ హిల్‌లోని మా యింటి డెస్క్‌టాపు మొండికేసింది. మొదలుపెట్టిన పది నిమిషాలకి చెప్పాపెట్టకుండా ఆరిపోతుంది. ఒక దుకాణానికి మోసుకెళితే అక్కడ మూత తీసి బల్లమీద పెట్టారు. అరగంట సేపు బుద్ధిగా పనిచేసింది. (డాక్టరు గదిలోకి రాగానే నొప్పి మాయమయ్యే రోగులు నాకు కొత్తకాదు.) "పాతబడిందండీ, కొత్తది కొనుక్కోండి" అన్నాడు అక్కడి కుర్రవాడు.

కొనుక్కోవచ్చు. కాని తెనాలిలో తెలుగు మాష్టారుగా రిటైరైన మా నాన్నగారు, మా దగ్గర గడిపిన రెండు చలికాలాల్లో, మంచుకి గడప దాటే వీలులేక, మా వంశం సంగతులన్నీ అందులో టైపు చేశారు. ఇప్పుడాయనకి చూపు మందగించింది. మళ్ళీ చెయ్యలేరు.

అంచేత రోగనిర్ణయం తరవాత, ప్రాణం ముందు. మెమరీ, మదర్‌బోర్డు, కరెంటు సప్లయి పెట్టె, అన్నీ బజార్లో దొరుకుతాయి. హార్డ్ డిస్కూ దొరుకుతుంది. దానిమీద రాసింది దొరకదు. కరెంటు పదేపదే తటాలున పోతూంటే ఆ రాతకే ముప్పు. "ఇంకొక్కసారి ఆన్ చేసి చూద్దాం నాన్నా" అంటున్న మావాణ్ణి ఆపి, ప్లగ్గు పీకి, ముందు డిస్కు బయటికి తీశాను.

దానికీ ఒక పద్ధతుంది. ఇక్కడి చలికాలంలో ఫర్నేసు గాలికి ఇల్లంతా ఎండిపోయి, తివాచీ మీద నడిచి తలుపు పిడి పట్టుకుంటే చురుక్కుమంటుంది. ఆ చురుకు మనకి తెలిసిందంటే సుమారు 3000 వోల్టులన్నమాట. చిప్పులు అందులో పదో వంతుకే పాడవవచ్చు. ఉన్ని స్వెట్టరు విప్పి, వంటింటి బల్లమీద, ముందు పెట్టె ఇనప చట్రాన్ని ముట్టుకుని ఆ తరవాతే లోపల చెయ్యి పెట్టాలి.

డిస్కును లాప్‌టాపుకి తగిలిస్తే నిమ్మళంగా తిరిగింది. టకటకమని ఉంటే అక్కడే ఆపి, డేటా వెలికితీసే నిపుణులకి అప్పగించవలసి వచ్చేది. ఫైళ్ళు వచ్చాయి; తెరిస్తే పిచ్చి గీతలు! నాన్నగారికి అలవాటైనవి అను ఫాంట్లు, యూనికోడ్ కాదు. ఆ ఫాంట్లు కూడా పాత డిస్కులోంచి తెచ్చి పెడితే తెలుగు కనిపించింది. అప్పటికి రాత్రి ఒంటిగంట.

మర్నాటి నుంచి తీరిగ్గా వైద్యం. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, లేకపోతే ఏ మందు పనిచేసిందో తెలియదు. మెమరీ పలకలు రెండూ తీసేసి స్విచ్చి వేస్తే బోర్డు బీప్ బీప్‌మని మొరపెట్టుకుంది. మోకాలి మీద సుత్తితో తడితే కాలు ఎగిరినట్టే; బోర్డుకి ప్రాణముంది. పలకలు ఒక్కొక్కటే పెట్టి చూశాను, రెంటితోనూ అదే వరస. ప్రాసెసరు ఫ్యాను దుమ్ము దులిపినా మార్పు లేదు. మల్టీమీటరు తెచ్చి, పసుపు తీగకీ నల్లతీగకీ మధ్య పెట్టాను. అక్కడ 12 వోల్టులుండాలి, 11.4 కి తగ్గకూడదు. మొదట 12.1 చూపి, సప్లయి పెట్టె వేడెక్కేకొద్దీ జారి జారి 11.1 దగ్గర ఆరిపోయింది. ఇంట్లో మా కంప్యూటరుండేది వేడిగాలి వచ్చే కంత పక్కన. దుకాణంలో అంత బుద్ధిగా ఎందుకుందో అప్పుడు తెలిసింది.

మిత్రుడి సప్లయి అరువు తెచ్చి తగిలిస్తే రెండు గంటలు ఆగలేదు. పాతదాన్ని మాత్రం విప్పకండి. ప్లగ్గు పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన ఛార్జి మిగిలి ఉంటుంది. అన్నట్టు, ఇక్కడి పాత పెట్టెను ఇండియా తీసుకెళ్ళేవారు దాని వెనక ఎర్ర మీట ఉందేమో చూసుకోండి. 115 మీద ఉంచి అక్కడ ప్లగ్గు పెడితే ఢామ్మంటుంది.

పేజీలన్నీ అచ్చుతీసి తెనాలి పంపాను. చెల్లాయి చదివి వినిపించిందట. నాన్నగారు ఫోను చేసి, "ముప్పయ్యో పేజీలో మీ నాయనమ్మ పుట్టినూరు చినరావూరని పడిందిరా. పెదరావూరు. దిద్దు" అన్నారు.