ముట్లుడిగాక ముద్ద

పెద్దమనిషైన పిల్లకి నువ్వులు, బెల్లం దంచి ముద్దలు చేసి మరీ తినిపిస్తారు. ముట్లుడిగే వయసులో ఆమె ఏం తినాలో మాత్రం ఏ పెద్దామే చెప్పదు.

నాకిప్పుడు 49. ఏడాదిగా నెలసరి లేదు. అర్ధరాత్రి ఒళ్ళంతా ఆవిర్లు, తెల్లారితే మోకాళ్ళ నొప్పులు. దిల్‌సుఖ్‌నగర్లో మా కాలనీ ఆడవాళ్ళం సాయంత్రాలు కలిస్తే ఇవే ముచ్చట్లు. అందరి తిండీ దాదాపు ఒకటే: పొద్దున టీ, మధ్యాహ్నం మిగిలిన కూర, పొట్ట పెరుగుతోందని రాత్రి పస్తు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం స్త్రీకి రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, ముట్లుడిగాక 1200. ఈస్ట్రోజెన్ తగ్గాక ఎముక త్వరగా అరుగుతుంది మరి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములుంటే, పాలిష్ బియ్యంలో పది దాటడమే కష్టం.

మా అత్తమ్మది నల్లగొండ. తైదంబలి తాగి పెరిగింది. ఎల్బీ నగర్ వచ్చాక సన్నబియ్యమే మర్యాదైంది. ఇంటిల్లిపాదీ తిన్నాక గిన్నె అడుగున ఉన్నదే ఆమె భోజనం. 62 ఏళ్ళప్పుడు బాత్రూంలో జారితే తుంటి విరిగింది. మళ్ళీ నడవలేదు.

ఇప్పుడు సరూర్‌నగర్ రైతుబజారుకి వెళ్తే మునగాకు, తోటకూర నాకోసమని కొంటున్నా. రాత్రి మానకుండా తైద రొట్టె, పప్పు తింటున్నా. అదీ అందరితోపాటు కూర్చుని. వేడి రొట్టెలు ఎవరు కాల్చాలన్న గొడవ మాత్రం ఇంట్లో ఇంకా తెగలేదు.